స్టార్ మార్కు పెట్టిన గడి

నా ఉద్యోగమే తప్పులు పట్టడం. అమెరికాలో ఎవరికో గుండె నొప్పి వస్తే అక్కడి డాక్టరు రాసిన కాగితాలు గన్నవరం రోడ్డులో ఉన్న మా ఆఫీసుకి వస్తాయి. మా వాళ్ళు అవి చదివి, ఏ జబ్బుకి ఏ కోడు, ఏ వైద్యానికి ఏ కోడు అని వేస్తారు. ఆ కోడ్లను బట్టే అక్కడి ఇన్సూరెన్సు వాళ్ళు ఆసుపత్రికి చెల్లిస్తారు. వేసిన కోడ్లలో తప్పులు వెతికేది నేను. పన్నెండేళ్ళుగా అదే పని. క్వాలిటీ లీడ్ ఛాయాదేవి ఫ్లోరు మీదకి వస్తోందంటే మాటలు ఆగిపోతాయని నాకు తెలుసు. నా వెనక నన్నేమంటారో కూడా తెలుసు గానీ అది ఇక్కడ రాయను.

అలాంటి నేను రెండు తప్పులు చేశాను. మొదటిది తెలియక చేసింది. రెండోది మంచి చేస్తున్నాననుకుని, తెలిసే చేసింది. రెండోదే పెద్దది.

ఏడాదిగా మా పని సగం సాఫ్ట్‌వేరే చేస్తోంది. అది వేసిన కోడ్లను మనుషులు సరిచూడాలి. సరిచూసిన ప్రతిసారీ అది మా దగ్గర కొంత నేర్చుకుంటుంది, అది నేర్చుకున్న కొద్దీ మాలో కొందరు అక్కర్లేకుండా పోతారు. రోజుకి ఎనభై కేసులున్న టార్గెట్టు నూట యాభై అయింది. సీట్లోంచి లేచి బాత్రూముకి వెళ్తే ఎన్ని నిమిషాలు వెళ్ళామో స్క్రీను రాసి పెట్టుకుంటుంది.

అక్కర్లేనివాళ్ళను మా కంపెనీ తీసెయ్యదు. అక్కడే ఉంది వాళ్ళ తెలివంతా. రెండో అంతస్తు చివర ఒక అద్దాల గది ఉంది. అందులోకి ఒక్కొక్కరినే పిలుస్తారు. హెచ్.ఆర్. చూసే సాయిశ్రీ ఒక లాప్‌టాప్ తిప్పి మన ముందు పెడుతుంది. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని మొదలయ్యే రాజీనామా ఉత్తరం అందులో సిద్ధంగా ఉంటుంది. మన మెయిల్లోంచి మనమే పంపాలి. పంపకపోతే, రేపు ఇంకో కంపెనీ వాళ్ళు మన గురించి వాకబు చేసినప్పుడు తామేం చెప్తారో తమకే తెలియదంటారు. పది నిమిషాల్లో మెళ్ళో ఐడీ కార్డు తీసుకుంటారు, సీటు దగ్గరున్న బ్యాగు తెచ్చి చేతిలో పెడతారు. మూడు నెలల్లో నలభై మంది అలా వెళ్ళారు. కాగితాల మీద చూస్తే అందరూ ఇష్టపడే వెళ్ళారు. వాళ్ళలో ఒకతను లేబర్ ఆఫీసుకి వెళ్ళి మొర పెట్టుకుంటే, బలవంతంగా రాయించారని చెప్పడానికి ఆ గదిలో నీ తరఫు మనిషి ఎవరున్నారని అడిగారట. ఎవరుంటారు?

ఇక నా సంగతి. మా ఆయన వేణుగోపాల్‌కి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆయన అక్కయ్య, మా వదిన రాజ్యశ్రీ, చల్లపల్లిలో బట్టల కొట్టు నడుపుతుంది. మనిషి గట్టిది. తన కిడ్నీ ఇస్తానని తనే ముందుకొచ్చింది. పరీక్షలన్నీ కుదిరాయి. మార్చి నాలుగున ఆపరేషన్ అని ఆసుపత్రి వాళ్ళు తేదీ ఇచ్చారు. ఆ తేదీ ఇచ్చింది మమ్మల్ని చూసి కాదు, మా కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డును చూసి. నా జీతం పుణ్యమా అని తెల్ల రేషన్ కార్డు ఎప్పుడో పోయింది, ప్రభుత్వ పథకం మాకు వర్తించదు. నా ఉద్యోగం ఉంటే ఆపరేషన్ ఉంది, లేకపోతే లేదు. ఆ రోజుల్లో నేను పొద్దున లేవగానే అనుకునే మొదటి మాట అదే, పడుకునే ముందు అనుకునే చివరి మాటా అదే.

ఈ పరిస్థితిలో ఉన్న మనిషి యూనియన్ జోలికి ఎందుకు వెళ్ళిందని అడగొచ్చు. భయపడే వెళ్ళాను. నలభై మందిని చూశాక నలభై ఒకటో దాన్ని నేనే అవుతానేమో అనిపించింది.

ఉమామహేశ్ అని ఇరవై ఏడేళ్ళ కోడరు, మాటకారి. జనవరి చివర్లో ఒక ఆదివారం పొద్దున, మొగల్రాజపురంలో వాళ్ళ బావ నడిపే ట్యూషన్ సెంటర్లో అందరినీ కూర్చోబెట్టాడు. పద్దెనిమిది మందిమి వెళ్ళాం. ఎనిమిదో తరగతి పిల్లల బెంచీలు కావడంతో ఎవరికీ మోకాళ్ళు పట్టలేదు. ఒక్కొక్కరినే పిలుస్తున్నారు కాబట్టే ఒక్కొక్కరమే పోతున్నాం అన్నాడు ఉమామహేశ్. యూనియన్ ఉంటే ఆ గదిలోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళక్కర్లేదు, టార్గెట్టు పెంచే ముందు మనతో మాట్లాడాలి, తీసేస్తే ఎందుకు తీసేశారో కాగితం ఇవ్వాలి. ఇది విన్నప్పుడు అందరి ముఖాలూ విచ్చుకున్నాయి. వెంటనే అనుమానాలు కూడా వచ్చాయి. అమెరికా వాళ్ళ చెవిన యూనియన్ మాట పడితే పనంతా కోయంబత్తూరుకో మనీలాకో పోతుందని ఒకామె అంది. రేపు వేరేచోట ఉద్యోగానికి వెళ్తే యూనియన్ మనిషని ఒక్క ఫోన్లో తేల్చేస్తారని ఇంకొకరు. చివరికి ఏదో పార్టీ వాళ్ళొచ్చి గేటు దగ్గర జెండా పాతి, మన పేరు చెప్పుకుని వాళ్ళు బాగుపడతారని మరొకరు.

నా అనుమానం వేరు. పని చెయ్యనివాణ్ణి కూడా యూనియన్ వెనకేసుకొస్తుంది. ఇవాళ నేను తప్పు పట్టినవాడు రేపు పదిమందిని వెంటేసుకుని నా మీదకే వస్తాడు. ఆ మాట పైకే అన్నాను. నవ్వారు గానీ కాదని ఎవరూ అనలేదు. అయినా పద్దెనిమిది మందిలో పదహారు మంది పెట్టాలనే అన్నారు. నేనూ అన్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. మేముండేది ఇబ్రహీంపట్నంలో. ఆయన ఒకప్పుడు ఒక నూలు మిల్లులో ఫోర్‌మన్. అక్కడ యూనియన్ ఉండేది. ఒకతనికి మిషన్లో చెయ్యి నలిగితే యూనియన్ నాయకుడు అందరితో ఆఫీసు ముందు కూర్చుని ఆసుపత్రి ఖర్చు పెట్టించాడు. అదే నాయకుడు నాలుగేళ్ళ తర్వాత యజమానితో కలిసిపోయాడు, మిల్లు మూతపడే సంగతి ముందే తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ రెండూ ఒకే మనిషి చేశాడని ఆయన ఇప్పటికీ ఆశ్చర్యపోతాడు.

“ఇంతకీ పెట్టమంటారా, వద్దంటారా?” అన్నాను.

“పెట్టుకోండి. నా ఆపరేషన్ అయ్యాక పెట్టుకోండి,” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ అది నవ్వే మాట కాదు.

చట్టం ప్రకారం మా ఆరువందల పది మందిలో పదోవంతు, అంటే అరవై ఒక్క మంది సభ్యులుగా ఉంటేనే యూనియన్ రిజిస్టరు చేస్తారు. అంతమంది ఉన్నారో లేరో ముందు తెలియాలి. ఎవరూ పేరు చెప్పక్కర్లేకుండా, ఫోన్లో నింపే ఒక ఫారం తయారు చేద్దామన్నాడు ఉమామహేశ్. ఆ పని నాకు అప్పగించారు, ఫారాలు తయారు చెయ్యడంలో ఆఫీసులో నాకు పేరుంది మరి. పైన పెద్ద అక్షరాలతో ‘పేరు అక్కర్లేదు, భయం లేకుండా చెప్పండి’ అని రాశాను. దాని కింద మొదటి గడి: ఎంప్లాయీ ఐడీ. పక్కన ఎర్రటి స్టార్ మార్కు. అంటే అది నింపకపోతే ఫారం ముందుకి కదలదు.

ఎందుకు పెట్టానంటే ఏం చెప్పను. ఒకే మనిషి రెండుసార్లు నింపితే లెక్క తప్పుతుందని పెట్టాను. మా ఆఫీసులో ఐడీ వెయ్యని ఎంట్రీ అంటే అది అసలు ఎంట్రీయే కాదు, నేనే వందల సార్లు అలాంటివి కొట్టేసి వెనక్కి పంపాను. నా వేళ్ళు వాటంతట అవే ఆ గడి పెట్టేశాయి. ఫారం అందుకున్నవాళ్ళ వేళ్ళూ అంతే, రోజుకి నూట యాభైసార్లు కొట్టే అంకెలు కదా, చకచకా కొట్టేశారు. పేరు అక్కర్లేదన్న ఫారంలో నూట నలభై మూడు మంది తమ ఐడీలు వేసి యూనియన్ కావాలన్నారు. ఈ లెక్క వేసే ముందు, రెండుసార్లు నింపిన ఇద్దరి రెండో ఎంట్రీ కనిపెట్టి తీసేసి, నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా.

మంగళవారం పదకొండు గంటలకి నన్ను అద్దాల గదిలోకి పిలిచారు. సాయిశ్రీ, ఆ పక్కన వైస్ ప్రెసిడెంట్ వెంకటసుబ్బారావు గారు. ఆయన ఎవరి మీదా గొంతు పెంచడు, ఆడవాళ్ళందరినీ అమ్మా అనే పిలుస్తాడు. మా ఫారం నకలు కాగితం మీద తీసి బల్ల మీద పెట్టారు. ఎవరో ఆఫీసు కంప్యూటర్లోనే తెరిచారట. అందులో తయారు చేసిన మనిషిగా నా పేరుంది. ఎవరెవరు నింపారో మాత్రం నాకు తప్ప ఎవరికీ కనపడదు.

“పైనేమో పేరు అక్కర్లేదన్నారు, కిందేమో ఐడీ అడిగారు. మీ పని ఎప్పుడూ పక్కాగా ఉంటుందమ్మా,” అన్నారాయన.

నా తప్పు నాకు అప్పుడు కనపడింది. పన్నెండేళ్ళు ఇతరుల తప్పులు చూసిన కళ్ళు ఇవి.

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకల్లా ఆ లిస్టు కావాలన్నారు. ఎవరినీ ఏమీ చెయ్యం, కూర్చోబెట్టి మాట్లాడతాం అన్నారు. నేను లీడ్‌ని కాబట్టి మేనేజ్‌మెంటు మనిషినని, అటు కాదు ఇటు ఉండాలని గుర్తుచేశారు. లేచి వెళ్ళబోతుంటే వెనక నుంచి, “వేణుగోపాల్ గారి ఆపరేషన్ ఎప్పుడన్నారు?” అని అడిగారు.

నాలుగో తేదీ అని చెప్పాను. ఆయన తల ఊపి తన ఫోన్లో రాసుకున్నారు.

ఆ సాయంత్రం నా ఫోన్లోంచి నూట నలభై మూడు మందికీ ఒకే మెసేజీ పంపాను. ఐడీల గడి పెట్టింది నేనే, తప్పు నాది, శుక్రవారం నాలుగింటికల్లా లిస్టు ఇమ్మంటున్నారు, ఎవరికైనా తమ పేరు ఉండకూడదనిపిస్తే చెప్పండి, తీసేస్తాను. మొత్తం లిస్టే చెరిపెయ్యొచ్చు కదా అనొచ్చు. చెరిపేస్తే యూనియన్ అక్కడితో ఆఖరు. అరవై ఒక్క మంది ధైర్యంగా నిలబడితే చాలు, శుక్రవారం పొద్దున్నే దరఖాస్తు పెట్టెయ్యొచ్చు, ఒకసారి పెట్టాక లిస్టు ఎవరు చూసినా బాధ లేదు. నూట నలభై మూడులో అరవై ఒక్కరు నిలబడరా అనుకున్నాను.

మొదటి జవాబు నాలుగు నిమిషాల్లో వచ్చింది. ఉమామహేశ్. తనది వెంటనే తీసెయ్యమని, తన మీద ఇంటి లోను ఉందని, మీటింగు సంగతి కూడా ఎక్కడా ఎత్తొద్దని.

బుధవారం పొద్దున నుంచి అదే పని. క్యాంటీన్లో పళ్ళెం పట్టుకుని నిలబడితే ఎదురుగా ఒకరు వచ్చి కూర్చునేవారు. మెట్ల మీద ఒకరు, లిఫ్టులో ఒకరు. కూచిపూడి నుంచి ఒక అమ్మాయి తండ్రి ఫోన్ చేసి, మా అమ్మాయికి తెలీక నొక్కిందండీ, చిన్నపిల్లండీ అన్నాడు. ఆ చిన్నపిల్లకి ముప్పై ఒకటి. ఒకతను ఏడ్చాడు. ఒకతను మమ్మల్ని ఎంతకి అమ్ముకుంటున్నారని అడిగాడు. ఒకామె ఇంట్లో చేసిన పులిహోర డబ్బాతో తెచ్చి నా బల్ల మీద పెట్టి, తన ఐడీ రాసిన చీటీ దాని కింద పెట్టి వెళ్ళింది. ప్రతి ఒక్కరూ తమ పేరొక్కటే తీసెయ్యమన్నారు. మరి మీరేం చేస్తారు మేడం అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

నాకు వాళ్ళ మీద కోపం వచ్చింది. చాలా కోపం వచ్చింది. దాని వెనకే సిగ్గేసింది, వాళ్ళను ఈ గతికి తెచ్చింది నా గడే కదా.

బుధవారం సాయంత్రానికి తొంభై ఏడు మంది మిగిలారు. గురువారం మధ్యాహ్నానికి అరవై ఒక్కరు. సరిగ్గా ఆ అంకె దగ్గర శ్రీదుర్గ వచ్చింది. కొత్తగా పెళ్ళయిన పిల్ల, అత్తగారికి ఉద్యోగమే ఇష్టం లేదు, ఇలాంటిది తెలిస్తే మానిపించేస్తారంది. ఒక్కరోజు ఆగమ్మా, రేపు పొద్దున దాకా ఉండు, నువ్వు తీసేస్తే అరవైకి పడిపోతామని బతిమాలాను. జీవితంలో నేనెవరినీ అలా బతిమాలలేదు. మీకేం మేడం, మీరు లీడ్ అంది. ఆమె కళ్ళ ముందే పేరు తీసేశాను. అరవై. యూనియన్ లేదు. ఆ సంగతి ఎవరు ఎలా తెలుసుకున్నారో గానీ, ఆ తర్వాత కాలవకి గండి పడ్డట్టు ఒక గంటలో నలభై మెసేజీలు వచ్చాయి.

ఆ మధ్యాహ్నం సగం రోజు సెలవు పెట్టి మా ఆయన్ని డయాలిసిస్‌కి తీసుకెళ్ళాను. నాలుగు గంటలు ఆ మంచం పక్కన కూర్చున్నాను. ఇది దాచను: మొదటి నూట నలభై మూడు పేర్ల నకలు నా ఫోన్లో ఇంకా ఉంది. ప్రతిదానికీ ఒక నకలు పెట్టుకోవడం నాకు అలవాటు. రేపు అది ఇచ్చేస్తే ఆపరేషన్ అయిపోతుంది. వీళ్ళలో ఒక్కరైనా నా మొహం చూశారా, నేనెందుకు చూడాలి అనుకున్నాను. సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బిపోయిన ఆయన చెయ్యి చూస్తూ, ఇచ్చేద్దామనే నిర్ణయించుకున్నాను. పక్క మంచం మీద పాతికేళ్ళ కుర్రాడు, వాడి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఏ కంపెనీ కార్డండీ మీది అని నన్ను అడిగింది. వాడి ఉద్యోగం పోయిన నెల పోయిందట, ఈ నెలతో కార్డు ఆగిపోతుందట. ఆ నూట నలభై మూడు మందిలో ఎందరి ఇళ్ళలో ఎవరు ఇలా పడుకుని ఉన్నారో నాకేం తెలుసు. బయటికి వచ్చి నకలు చెరిపేశాను. మంచితనంతో కాదు, చూసి భరించలేక.

శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకి లిస్టులో ఇద్దరు మిగిలారు. ఒకటి నాది. రెండోది మార్త.

మార్త నాలుగేళ్ళుగా మా దగ్గర కోడరు. ఉండేది కృష్ణలంక. భర్త వదిలేశాడు, ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది పదో తరగతి. మాట తక్కువ, పనిలో తప్పులు ఇంకా తక్కువ. నేను నాలుగేళ్ళలో ఆమెను పిలిచి మందలించింది లేదు, పిలిచి మెచ్చుకుందీ లేదు. మంచినీళ్ళ దగ్గర కనపడితే పక్కకి పిలిచాను. మెసేజీ చూడలేదేమో, పేరు తీసెయ్యనా అన్నాను.

“వద్దు మేడం, ఉంచండి. ఐడీ అడుగుతున్నారని నాకు అప్పుడే తెలుసు. స్టార్ మార్కు చూసే, తెలిసే పెట్టాను,” అంది.

నూట నలభై మూడు మందిలో కళ్ళు తెరుచుకుని నింపింది ఈమె ఒక్కతే. యూనియన్ లేదు మార్తా, ఇద్దరమే మిగిలాం అని చెప్పాను. అయితే ఇద్దరం వెళ్దాం, నాలుగింటికేగా అంది. మంచినీళ్ళ సీసా మూత పెట్టుకుని సీటుకి వెళ్ళిపోయింది.

ఆ గంటన్నర నేను పని చేసినట్టు నటిస్తూ ఆమెను చూస్తూ కూర్చున్నాను. తలొంచుకుని కేసు తర్వాత కేసు చేసుకుపోతోంది. ఇద్దరు ఆడపిల్లలు. నా తప్పుకి ఆమె ఎందుకు పోవాలి? ఎవరి తప్పు వాళ్ళే దిద్దుకోవాలన్నది నేను అందరికీ నేర్పిన సూత్రం. మూడూ నలభైకి ఆమె వరస చెరిపేశాను. ఆమెను అడగలేదు. చెరిపాక నాకు మనసు తేలికపడింది, ఆ మూడు రోజుల్లో మొదటిసారి ఏదో సరైన పని చేశాననిపించింది.

నాలుగింటికి అద్దాల గదిలో లిస్టు తెరిచి చూపించాను. ఒకే వరస, నా ఐడీ.

“మిగతావాళ్ళు?” అన్నారు వెంకటసుబ్బారావు గారు.

“మిగతావాళ్ళెవరూ లేరండీ.”

ఆయనకి కోపం రాలేదు. నా వైపు కాసేపు జాలిగా చూశారు. అప్పుడే తలుపు తట్టి మార్త లోపలికొచ్చింది. చున్నీ సర్దుకుని, నా కుర్చీ పక్కన నిలబడి, నా పేరు కూడా ఉంది సార్, మేడంతో పాటు నాతో కూడా మాట్లాడండి అంది. ఆయన లాప్‌టాప్ ఆమె వైపు తిప్పారు.

“ఇందులో మీ పేరు లేదమ్మా. మీకిక్కడ పనేం లేదు, వెళ్ళి కూర్చోండి,” అన్నారు.

మార్త స్క్రీను చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను తల ఎత్తలేదు. సాయిశ్రీ లేచి వెళ్ళి మర్యాదగా తలుపు తెరిచి పట్టుకుంది. మార్త బయటికి వెళ్ళిపోయింది. నా తరఫున ఒక మనిషి ఆ గదిలోకి నడిచి వచ్చింది, ఆమెను బయటికి పంపించే కాగితం నేనే తయారు చేసి పెట్టాను.

తలుపు మూశాక విషయం చెప్పారు. కంపెనీ ఉద్యోగుల ఐడీలు బయటి ఫారంలోకి ఎక్కించినందుకు నన్ను డిస్మిస్ చెయ్యొచ్చు, అప్పుడు ఇన్సూరెన్సు కార్డు ఇవాళే ఆగిపోతుంది. లేదా నేనే ఇష్టపడి వెళ్ళిపోతే, మార్చి ఆఖరు దాకా కార్డు నడిచేలా ఆయన చూస్తారు. నాలుగో తేదీ కదమ్మా అన్నారు. సాయిశ్రీ లాప్‌టాప్ నా ముందుకి తిప్పింది. వ్యక్తిగత కారణాల వల్ల. రెండో వాక్యంలో ఒక స్పెల్లింగు తప్పుంది. దాన్ని దిద్దాను. దిద్ది పంపాను.

మార్త కింద పార్కింగ్ దగ్గర నా కోసం నిలబడి ఉంది. నేను ఏదో చెప్పబోయాను, నీ పిల్లల కోసమే అని. ఆమె చెప్పనివ్వలేదు.

“నా పేరు తీసెయ్యమని నేనడిగానా మేడం? వాళ్ళు మీతో రాయించారని చెప్పడానికి నేనుండేదాన్ని. రేపు నాకు మీరుండేవాళ్ళు. ఇద్దరమున్నాం. మీరు ఒక్కరైపోయారు, నన్నూ ఒక్కదాన్ని చేశారు.”

క్షమించు అనలేకపోయాను, అంటే సరేనంటుందేమో అని భయమేసింది.

ఆపరేషన్ నాలుగో తేదీనే జరిగింది. వదిన మూడో రోజుకి లేచి కూర్చుని కొట్టు సంగతులు అడిగింది. ఆయనకి కిడ్నీ పనిచెయ్యడం మొదలుపెట్టింది. మార్చి ఆఖరు తర్వాత మందులకి ఎలాగో నాకు తెలియదు, ఆ మందులు బతికినంత కాలం వాడాలి. అయినా ఆయన మొహంలోకి రంగు రావడం చూసి నేను సంతోషపడ్డాను. సంతోషపడిన ప్రతిసారీ మార్త గుర్తొచ్చింది.

తొమ్మిదో తేదీ మధ్యాహ్నం వార్డులో ఉండగా ఫోన్ మోగింది. మార్త. ఆ రోజు తర్వాత మాట్లాడటం అదే మొదటిసారి. తనని కూడా పంపించేస్తున్నారట. లిస్టు గురించి కాదు, సాఫ్ట్‌వేర్ బాగా నేర్చుకుందట, ఆమె చేసే రకం కేసులకి ఇక మనుషులు అక్కర్లేదట. మూడింటికి అద్దాల గదికి రమ్మన్నారు.

“ఎవరికి చెయ్యాలో తెలీలేదు మేడం,” అంది.

వస్తున్నానని చెప్పి, ఆయన్ని నర్సుకి అప్పగించి ఆటో ఎక్కాను. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. చేరేసరికి మూడూ ఐదు. గేటు దగ్గర సెక్యూరిటీ శౌరయ్య పన్నెండేళ్ళుగా నాకు నమస్కారం పెట్టినవాడు. అప్పుడు కూడా పెట్టాడు. లోపలికి మాత్రం వదల్లేదు. కార్డు లేదు కదండీ మేడం, నా ఉద్యోగం పోతుందండీ అన్నాడు. పోతుంది, నిజమే. రెండో అంతస్తు చివర ఆ గది అద్దం కిందికి కనిపిస్తుంది, ఎండ పడి లోపల ఎవరున్నారో తెలియలేదు. మార్తకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను.

మూడూ ఇరవైకి ఆమె బ్యాగు పట్టుకుని బయటికి వచ్చింది. మెళ్ళో కార్డు లేదు. నన్ను చూసి ఆగింది. రాసిచ్చావా అని అడిగితే తల ఊపింది. చిన్నమ్మాయి స్కూలు వదిలే వేళైంది, బస్సు అందుకోవాలి అంది. నేను పక్కనే నడిచాను. ఏదో ఒకటి అనాలని, లోపల నీ తరఫున ఎవరూ లేరా మార్తా అని అడిగాను. అడిగాక గానీ నాకు తెలియలేదు, లేబర్ ఆఫీసు వాళ్ళడిగిన మాటే నేనూ అడిగానని.

మార్త నడక ఆపలేదు. “మీరు గేటు బయటున్నారుగా మేడం,” అంది.